హై-రెస్ పాటకూ మామూలు పాటకూ తేడా నిజంగా వినిపిస్తోందా? మీ చెవితోనే పరీక్షించుకునే పద్ధతి

ఒక రాత్రి కూర్చుని ఒకే పాట రెండు ఫైళ్ళు పోల్చి విన్నాను. ఒకటి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ హై-రెస్ ఫైల్. రెండోది అందులోంచే నేను తీసిన 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్. ఏది మోగుతోందో తెర మీద కనబడకుండా పెట్టుకుని చెబుతూ పోయాను. పదికి పది కరెక్ట్! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అదే పరీక్ష మళ్ళీ చేస్తుంటే, పాట మొదలవ్వకముందే డాక్ (డిజిటల్ ఫైల్‌ను ధ్వని సంకేతంగా మార్చే పరికరం) లోపల నుంచి సన్నగా ‘టిక్’ మని వినిపించింది. శాంపిల్ రేట్ మారినప్పుడల్లా లోపల రిలే, అంటే ఒక చిన్న స్విచ్, పడుతోందన్నమాట. ఆ పరీక్షలో ‘ఎ’ అంటే హై-రెస్ ఫైల్, ‘ఎక్స్’ అంటే రెంటిలో ఏదో ఒకటి, అది ఏదో నేను చెప్పాలి. ‘ఎ’ విన్నాక ‘ఎక్స్’ నొక్కితే టిక్ వచ్చిందంటే ఎక్స్ వేరే ఫైల్, రాలేదంటే అదే ఫైల్. నేను గుర్తుపట్టింది పాటను కాదు, రిలేను. అది కూడా నాకు తెలియకుండానే.

ఈ పోలికలో చెవిని మోసం చేసే సందులు ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్ళడమే ఇక్కడ మన పని. ఒక కంప్యూటరు, ఓ మోస్తరు హెడ్‌ఫోన్స్, 96 కిలోహెర్ట్జ్ పలికే డాక్, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. తీరిక మాత్రం రెండు మూడు సాయంత్రాలు కావాలి.

ముందు, తేడా ఎక్కడ ఉండే అవకాశం ఉంది?

1982లో సీడీ వచ్చినప్పటి నుంచి మామూలు డిజిటల్ ఆడియో అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. సెకనుకు 44,100 శాంపిళ్ళు (ధ్వని తరంగం కొలతలు) తీస్తే 22.05 కిలోహెర్ట్జ్ లోపు ఉన్న ధ్వనినంతా పట్టుకోవచ్చు. మనిషి చెవికి పైహద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్ అంటారు, వయసు పెరిగేకొద్దీ అది కిందికి జారుతుంది. బిట్ల సంగతికొస్తే, అవి అతి పెద్ద ధ్వనికీ అడుగున ఉండే నాయిస్‌కూ మధ్య ఎంత అంతరం పట్టుతుందో చెబుతాయి. ఒక్కో బిట్‌కు ఇంచుమించు 6 డెసిబెల్స్ లెక్క. 16 బిట్లకు 96, 24 బిట్లకు కాగితం మీద 144. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, మంచి డాక్‌లు కూడా 120, 130ల మధ్యే ఆగిపోతాయి.

శాంపిళ్ళు ఎక్కువైతే ధ్వని తరంగం మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా వస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ మెట్ల బొమ్మలు ప్రకటనల్లో బాగుంటాయి కానీ, డాక్ నుంచి బయటికి వచ్చే తరంగం 44.1లో కూడా నున్నగానే ఉంటుంది. హై-రెస్ అదనంగా ఇచ్చేవి రెండే: 22 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ధ్వని, ఇంకా కిందికి దిగిన నాయిస్. మన పరీక్ష తేల్చాల్సింది ఈ రెంటినే. ఎంపీ3 గొడవ వేరు. అక్కడ ఎన్‌కోడర్ ధ్వనిలో కొంత భాగాన్ని పారేస్తుంది. దాన్ని ఇందులో కలిపితే ఏదీ తేలదు.

1. దుకాణంలో దొరికే రెండు వెర్షన్లను పోల్చకండి

అందరూ చేసే పొరపాటు ఇదే. హై-రెస్ ఆల్బమ్ ఒకటి కొని, ఇంట్లో ఉన్న పాత సీడీ పక్కన పెట్టి వింటారు. తేడా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. అయితే ఆ తేడా ఫార్మాట్‌ది కాకపోవచ్చు, మాస్టరింగ్‌ది (విడుదలకు ముందు పాటకు దిద్దే చివరి మెరుగులది) కావచ్చు. ఒకదాన్ని రణగొణగా, లౌడ్‌గా నొక్కేసి ఉంటారు, ఇంకోదాన్ని కాస్త ఊపిరి పీల్చుకునేలా వదిలి ఉంటారు.

2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నారు. ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో అనే హై-రెస్ డిస్కులు వాయిస్తూ, ఆ దారి మధ్యలో 16 బిట్, 44.1 పరికరం ఒకటి పెట్టారు. ఒకసారి ధ్వని నేరుగా వస్తుంది, ఇంకోసారి ఆ పరికరంలోంచి దూరి వస్తుంది. ఏది ఏదో చెప్పమని 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. అంటే నాణెం ఎగరేసినట్టే. నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించింది వాళ్ళు చివర్లో రాసిన మాట. ఆ హై-రెస్ డిస్కులు మామూలు సీడీల కంటే బాగానే వినిపించాయట, కాకపోతే అందుకు కారణం రికార్డింగు, మాస్టరింగుల్లో తీసుకున్న శ్రద్ధేనని వాళ్ళ అభిప్రాయం.

కాబట్టి నియమం ఇది: హై-రెస్ ఫైల్ ఒక్కటే తీసుకోండి. మామూలు వెర్షన్‌ను అందులోంచి మీరే తయారు చేసుకోండి.

2. తీసుకున్న హై-రెస్ ఫైల్ అసలుదేనా?

పై ప్రయోగం మీద వచ్చిన పెద్ద విమర్శ కూడా ఇదే. వాడిన డిస్కుల్లో కొన్నింటి మూల రికార్డింగుల్లోనే హై-రెస్ సరుకు లేదని. 24/96 అని పేరున్నంత మాత్రాన లోపల అది ఉండాలని లేదు.

ఫైల్‌ను ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ) చూడండి. నిలువు స్కేలును 48 కిలోహెర్ట్జ్ దాకా పెట్టండి. సరిగ్గా 22 దగ్గరో 24 దగ్గరో కత్తితో కోసినట్టు అడ్డగీత కనబడి, ఆ పైనంతా నల్లగా ఉంటే, అది మామూలు ఫైల్‌కు తొడిగిన హై-రెస్ చొక్కా. 25 కిలోహెర్ట్జ్ దాటాక, పాట ఆగిన చోట కూడా మారకుండా పొగమంచులాంటి రంగు పరుచుకుని ఉంటే అది సంగీతం కాదు, డీఎస్‌డీ (ఎస్ఏసీడీలు వాడే ఫార్మాట్) నుంచి మార్చినప్పుడు వచ్చిన నాయిస్ కావచ్చు. నిజమైన సరుకు వాయిద్యంతో పాటు లేచి పడుతుంది. తాళం కొట్టిన చోట పైదాకా గీత లేస్తుంది, ఆ వెంటనే సన్నబడుతుంది.

ఎటువంటి రికార్డింగు మంచిది? లోహపు తాళాలు, వయోలిన్, మ్యూట్ పెట్టిన ట్రంపెట్ దగ్గరగా రికార్డు చేసినవి. 96 కిలోహెర్ట్జ్ రికార్డరూ, పై శ్రుతులు పట్టే మైకూ చేతిలో ఉంటే తాళంచెవుల గుత్తి గలగలలాడించి రికార్డు చేయండి. ఇంట్లో దొరికే వస్తువుల్లో 20 కిలోహెర్ట్జ్ పైన అంత ధ్వని చేసేవి తక్కువ.

3. రెండు ఫైళ్ళూ తయారు చేయడం

మొత్తం పరీక్షకు ఇదే ఆయువుపట్టు, కాబట్టి తొందర వద్దు.

ఫైల్ కాపీ ఒకటి ఆడాసిటీలో తెరిచి, ట్రాక్ ఫార్మాట్ 32 బిట్ ఫ్లోట్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గించండి. ఎందుకంటే, పైదాకా నింపేసిన పాటను రీశాంపిల్ చేస్తే (శాంపిల్ రేట్ మారిస్తే) శిఖరాలు హద్దు దాటి తెగిపోవచ్చు. అప్పుడు మీరు వినేది 44.1ని కాదు, క్లిప్పింగ్‌ని. పాటలో మీకు నచ్చిన 20, 30 సెకన్ల ముక్కను కత్తిరించుకుని, రెండు చివర్లా చిన్న ఫేడ్ వేసి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్‌గా (ధ్వనిలో ఏదీ పోకుండా కుదించే ఫార్మాట్) సేవ్ చేయండి. ఇది ‘ఎ’.

ఇప్పుడు ఆ ‘ఎ’నే తీసుకుని 44.1 కిలోహెర్ట్జ్‌కు రీశాంపిల్ చేసి, 16 బిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. డిథర్ ఆన్‌లో ఉండాలి. డిథర్ అంటే బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే అతి సన్నని నాయిస్. అది లేకపోతే కింది బిట్లు కోసినప్పుడు వచ్చే లోపం పాటతో పాటు మెలికలు తిరిగే వికారంగా మారుతుంది. ఉంటే మామూలు ‘స్‌స్‌’గా మిగులుతుంది. డిథర్ లేకుండా కోసిన ఫైల్‌తో పోల్చి హై-రెస్ గెలిచిందనడం, ప్రత్యర్థి కాళ్ళు కట్టేసి పరుగుపందెం పెట్టడం లాంటిది.

అక్కడితో ఆగితే నా రిలే కథే మీకూ జరుగుతుంది. అందుకని ఆ 16/44.1 ఫైల్‌ను మళ్ళీ తెరిచి, తిరిగి 96 కిలోహెర్ట్జ్‌కు రీశాంపిల్ చేసి, 24 బిట్ ఫ్లాక్‌గా సేవ్ చేయండి. ఇది ‘బి’.

‘మళ్ళీ హై-రెస్ చేసేశాం కదా, ఇక పోలిక ఏముంది?’ అని అడుగుతారు. ఒకసారి వడకట్టి పారబోసింది గిన్నె మార్చినంత మాత్రాన తిరిగి రాదు. 22 కిలోహెర్ట్జ్ పైన పోయింది పోయినట్టే, 16 బిట్ల నాయిస్ చేరింది చేరినట్టే. ‘బి’ లోపల ఉన్నది మామూలు ఆడియోనే, డబ్బా మాత్రం ‘ఎ’ లాంటిది. రెండు ఫైళ్ళూ ఒకే శాంపిల్ రేట్ కాబట్టి డాక్ రెంటినీ ఒకే తీరున చూస్తుంది. టిక్‌లు, ఆలస్యాలు, డిస్‌ప్లే మీద అంకెలు, అన్నీ పోతాయి.

తయారీ సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. ‘ఎ’, ‘బి’ రెండూ ఒకే ప్రాజెక్టులో పైనా కిందా పెట్టి, ‘బి’ని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి), రెంటినీ మిక్స్ చేయండి. ఒకేలా ఉన్నవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది తేడా మాత్రమే. దాని స్పెక్ట్రోగ్రామ్‌లో 22 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మొదలై పైన పలచటి ధ్వని, కింద అతి నీరసమైన నాయిస్ కనిపిస్తే పని కుదిరినట్టు. పాట పల్లవి గుర్తుపట్టేలా వినిపిస్తే ఎక్కడో దెబ్బతింది. వాల్యూమ్ తేడా పడి ఉంటుంది, లేదా ఒక ఫైల్ కొన్ని శాంపిళ్ళు పక్కకు జరిగి ఉంటుంది.

ఓపిక ఉంటే ‘సి’ అని ఇంకోటి చేసుకోండి. శాంపిల్ రేట్ 96లోనే ఉంచి, బిట్లు మాత్రం 16కు తగ్గించినది. రేపు తేడా వినిపిస్తే అది బిట్లదా, శాంపిల్ రేట్‌దా అని విడదీయడానికి పనికొస్తుంది.

4. దారిలో ఎవరూ చెయ్యి పెట్టకుండా

ఫైల్ ఎంత మంచిదైనా, విండోస్ తన మిక్సర్‌లో సెట్ చేసి ఉన్న రేటుకు మార్చి పంపుతుంది. ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ గానీ ఏఎస్ఐఓ గానీ పెట్టండి, అవి మిక్సర్‌ను తప్పించి నేరుగా డాక్‌కు పంపుతాయి. మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్‌లో 96 అని మీరే పెట్టాలి. ఈక్వలైజర్, ‘సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్’ లాంటివన్నీ ఆపేయండి. బ్లూటూత్ వద్దే వద్దు. హై-రెస్ కోసమని చెప్పే ఎల్‌డ్యాక్ అనే బ్లూటూత్ పద్ధతి కూడా గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లే పంపుతుంది. 24/96 స్టీరియోకు కంప్రెస్ చేయకముందు కావాల్సింది 4,608.

ఇక్కడ చాలామందికి తట్టని సందు ఒకటి ఉంది. వినబడని పై ధ్వనులు ఆంప్లిఫయర్‌లోనో స్పీకర్‌లోనో ఒకదానితో ఒకటి కలిసి, వినబడే కొత్త ధ్వనిని పుట్టించగలవు. అది హై-రెస్ గొప్పతనం కాదు, పరికరం లోపం. అయినా పరీక్షలో మాత్రం ‘ఆహా, తేడా తెలుస్తోంది’ అనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. 96 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో 30 కిలోహెర్ట్జ్ టోన్ ఒక ట్రాక్‌లో, 33 కిలోహెర్ట్జ్ టోన్ ఇంకో ట్రాక్‌లో, రెండూ తక్కువ స్థాయిలో తయారు చేసి, మొదట్లో చివర్లో నెమ్మదిగా ఫేడ్ వేయండి. ఫేడ్ లేకపోతే టప్‌మని వినిపించి తికమక పెడుతుంది. ప్లే చేస్తే పూర్తి నిశ్శబ్దం ఉండాలి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా ఈల వినిపించిందంటే మీ పరికరాలు ఆ పై ధ్వనులను మోయలేకపోతున్నాయి. ఏమీ వినిపించడం లేదు కదా అని వాల్యూమ్ మాత్రం పెంచకండి. చెవికి తెలియకపోయినా ట్వీటర్‌కు (పై ధ్వనులు పలికే చిన్న స్పీకర్‌కు) తెలుస్తుంది, కాలిపోగలదు.

5. వాల్యూమ్

రెండు ఫైళ్ళూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి ఈ బాధ మనకు దాదాపు లేదు. రెండు డాక్‌లను గానీ రెండు ప్లేయర్లను గానీ పోలుస్తుంటే మాత్రం ఉంది. ఒకటి అర డెసిబెల్ ఎక్కువగా మోగినా చెవి దాన్ని ‘లౌడ్’ అనదు, ‘బాగుంది, స్పష్టంగా ఉంది’ అంటుంది. రెండూ 0.1 డెసిబెల్ లోపు సరిపోవాలి. వోల్టేజిలో చెప్పాలంటే సుమారు 1 శాతం. ఒకటి 2.00 వోల్టులు చూపిస్తే రెండోది 2.02 దాటకూడదు. చెవితో సరిచూడడం కుదరదు, మల్టీమీటర్ పెట్టాల్సిందే. చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తడబడతాయి, 100 హెర్ట్జ్ టోన్‌తో కొలవండి.

6. ముందు చెవిని సాన పట్టండి

పరీక్షలో తేడా దొరకలేదంటే తేడా లేకపోవచ్చు, లేదా మీ పరీక్షకే దాన్ని పట్టే సత్తా లేకపోవచ్చు. ఈ రెండోది ముందే తేల్చుకోవాలి. అందుకు, తేడా ఖాయంగా ఉన్న జతతో మొదలుపెట్టండి. అదే ముక్కను 96 కేబీపీఎస్ ఎంపీ3 చేసి అసలుతో పోల్చండి. అది దొరికితే 128, తర్వాత 192, అలా పైకి వెళ్ళండి. ఎక్కడ మీ చెవి ఆగిపోతుందో తెలుస్తుంది. 96 కేబీపీఎస్‌నే పట్టలేకపోతే హై-రెస్ పరీక్షకు ఇంకా వేళ కాలేదన్నమాట. గది మరీ రొదగా ఉందేమో, ఎంచుకున్న ముక్క మెత్తటిదేమో చూసుకోండి.

శిక్షణ అంటే తీసిపారేసే విషయం కాదు. 2016లో జాషువా రీస్ అనే ఆడియో పరిశోధకుడు 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. 12,000 పైచిలుకు ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 52.3 శాతం. అంటే గుడ్డి ఊహ కంటే వెంట్రుకవాసి మేలు. ముందుగా శిక్షణ ఇచ్చిన ప్రయోగాల్లో అది 60 శాతం దాటింది. హై-రెస్‌ను సమర్థించేవాళ్ళూ కొట్టిపారేసేవాళ్ళూ ఇద్దరూ ఇదే పేపరును ఎత్తి చూపించడం నాకు ఎప్పుడూ తమాషాగా ఉంటుంది.

7. కళ్ళు మూసుకుని వినడం

ఏబీఎక్స్ పద్ధతి కొత్తదేం కాదు, 1950లోనే బెల్ ల్యాబ్స్ వాళ్ళు రాసి పెట్టారు. ఫూబార్ 2000 ప్లేయర్‌కు ఏబీఎక్స్ కంపారేటర్ అనే అదనపు భాగం దొరుకుతుంది. అందులో రెండు ఫైళ్ళూ ఇస్తే ఎ, బి బటన్లతో పాటు ఎక్స్ అని ఒకటి వస్తుంది. ఎక్స్ ఆ రెంటిలో ఏదో ఒకటి, ప్రతి రౌండుకూ మారుతుంది. అది ఏదో మీరు చెప్పాలి. ఎన్నిసార్లయినా తిప్పి తిప్పి వినొచ్చు.

పాట మొత్తం వినకండి. ధ్వనిలోని సూక్ష్మమైన గుర్తు కొన్ని సెకన్లకే చెదిరిపోతుంది. 3 నుంచి 8 సెకన్ల ముక్కను లూప్‌లో పెట్టండి. తాళం మోగి ఆరిపోయే తోక అయితే మరీ మంచిది. ‘గాలి ఉంది’, ‘వెచ్చగా ఉంది’ లాంటి మాటలు మనసులోకి రానివ్వకండి. ‘రెండో దెబ్బ తర్వాత చివరి స్‌స్ పొడవు’ లాంటి ఒక్క వస్తువు మీద చెవి పెట్టండి. ప్రతి రౌండు ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తే టెన్షన్ పెరుగుతుంది, చివరిదాకా దాచే సెట్టింగ్ పెట్టుకోండి. పది నిమిషాలకోసారి హెడ్‌ఫోన్స్ తీసి లేవండి.

వాల్యూమ్ ఒకసారి పెట్టాక ముట్టుకోవద్దు. పాట ఆరిపోయే చోట నాబ్ పూర్తిగా తిప్పితే 16 బిట్ల నాయిస్ ఎవరికైనా వినిపిస్తుంది. అదే వాల్యూమ్‌లో పాట వింటే చెవులు పోతాయి. అలా గెలిచినదాన్ని గెలుపు అనలేం.

8. లెక్క

ఎన్ని రౌండ్లో మొదలుపెట్టకముందే కాగితం మీద రాసేయండి. 16 అనుకుంటే 16 దాకా వెళ్ళాల్సిందే. బాగా వస్తున్నప్పుడు ఆపేయడం, రానప్పుడు ‘ఇంకో నాలుగు’ అనడం కుదరదు. 16లో 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊరికే ఊహించి సరిగ్గా వచ్చే అవకాశం 3.8 శాతం. 13 అయితే 1 శాతం చుట్టుపక్కల. 10లో 8 బాగున్నట్టు ఉంటుంది కానీ, ఊహతో 8 గానీ ఆపైన గానీ 5 శాతం కంటే ఎక్కువసార్లే వస్తుంది.

ఇందులో రెండు ఉచ్చులు. పది పాటలతో విడివిడిగా చేసి, ఒకదాంట్లో 12 వచ్చిందని సంబరపడితే పొరపాటు. ఏ తేడా వినబడకపోయినా పదింట్లో కనీసం ఒకటి అలా దాటే అవకాశం మూడింట ఒక వంతు. రెండోది దీనికి తిరగేసింది. మీరు నిజంగానే నూటికి 60 సార్లు గుర్తుపట్టగలవారైనా, 16 రౌండ్లలో 12 గానీ ఆపైన గానీ వచ్చే అవకాశం ఆరింట ఒకటే. అందుకే 12 రాలేదని తేడా లేదనేయకూడదు. వేర్వేరు రోజుల్లో చేసిన నాలుగైదు సెట్లు కలిపి చూస్తేనే బొమ్మ తేరుతుంది. కలపబోయే సెట్లు ఎన్నో కూడా ముందే రాసుకోవాలి.

9. గెలిస్తే ముందు అనుమానించండి

12 గానీ ఆపైన గానీ వస్తే పండగ చేసుకునే ముందు ‘ఎ’ను దాని కాపీతోనే పోలుస్తూ ఓ 16 రౌండ్లు వేయండి. అక్కడ కూడా గెలుస్తుంటే పరీక్షలోనే ఎక్కడో చిల్లు ఉంది. తర్వాత ‘ఎ’కూ ‘సి’కీ పెట్టి చూడండి. అక్కడ తేడా పోతే మీరు వింటున్నది శాంపిల్ రేట్‌కు సంబంధించినది. అప్పుడు 30, 33 కిలోహెర్ట్జ్ పరీక్ష ఇంకోసారి, వీలైతే వేరే హెడ్‌ఫోన్స్‌తో. ఆ తర్వాత వేరే రీశాంప్లర్‌తో కొత్త ‘బి’ తయారు చేసుకుని, మళ్ళీ మొదటి నుంచి. ఇవన్నీ దాటి నిలబడితే మీకు నిజంగానే వినిపిస్తోంది. ఆ రెండు ఫైళ్ళూ, స్కోర్ల లాగ్, వాడిన సెట్టింగులు కలిపి ఒక ఫోల్డర్‌లో దాచండి, అడిగినవాళ్ళు అదే పరీక్ష మళ్ళీ చేసి చూసుకుంటారు.

రిలే సంగతి బయటపడ్డాక నేను ఫైళ్ళన్నీ ఇలాగే కొత్తగా తయారు చేసుకుని మళ్ళీ కూర్చున్నాను. వయోలిన్‌తో 16కి 7, తాళాలతో 9. తాళంచెవుల గుత్తితో 12 వచ్చింది. చేతులు వణికాయి. నాలుగు రోజులాగి మళ్ళీ చేశాను. 8.